పూజలో పెట్టిన పద్నాలుగో నంబరు స్పానర్

కారులో పక్క సీట్లో కూర్చుంటే నా కుడికాలు ఊరుకోదు. ముందు లారీ కనిపిస్తే చాలు, అక్కడ లేని బ్రేకును తొక్కుతుంది. నా భార్య తోలుతుంటే మరీ. ఆమె నాకంటే బాగా తోలుతుంది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, నా కాలికే తెలియదు. "కింద మ్యాటు చిరిగిపోతా ఉండాది, ఇంక ఆపు" అంటుంది. నేను ఆపలేను.

భయం నాకు పుట్టుకతో వచ్చింది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు గ్యాసు కట్టేశామా అని నాలుగుసార్లు అడుగుతాను. తాళం వేసి పదడుగులు పోయి, మళ్లీ వెనక్కొచ్చి గుంజి చూస్తాను. బండి తోలేవాళ్లు ఫోను ఆపేసి సంచిలో పెట్టుకోవాలని మా ఇంట్లో చట్టం చేసింది కూడా నేనే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి, వేగంగా పోయే బండి బ్రేకు తొక్కాక ఎంత దూరంలో ఆగుతుందో నేను లెక్క కట్టగలను. ఆ చదువు నా భయానికి ఎరువైంది తప్ప ధైర్యానికి అక్కరకు రాలేదు.

మా కారు పాతది. పదిహేనేళ్లు దాటింది. పోయిన దసరాకు కొన్ని రోజుల ముందు, పీలేరులో పెళ్లి చూసుకుని తిరుపతికి వస్తూ భాకరాపేట ఘాటు దిగుతున్నాం. ఆ రోజు నేనే తోలుతున్నాను. ఒక మలుపులో బ్రేకు తొక్కగానే కారు ఎడమవైపుకు లాగింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. తర్వాతి మలుపులో మళ్లీ లాగింది. కాలిన వాసన వచ్చింది. కిందికి దిగాక ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. వెనక సీట్లో మా అత్త, అంటే నా భార్య తల్లి, నిద్రపోతోంది. ఆమె నిద్ర లేవకుండానే మా ముగ్గురి కథ ముగిసిపోయేదని నాకు అప్పుడే అనిపించింది, నోరు తెరిచి అన్నాను కూడా. "ముగియలేదు కదా, నీళ్లు తాగు" అంది నా భార్య.

మర్నాడు మాకు అలవాటైన మెకానిక్కు చూపించాను. ఆయన చక్రం ఊడదీసి, లోపల అరచేతంత ఇనప ముక్కను చూపించాడు. సైకిల్ బ్రేకు రబ్బర్లు రిమ్మును రెండు పక్కలా పట్టినట్టు, చక్రంతో పాటు తిరిగే డిస్కును పట్టేది అదే. దాన్ని కాలిపర్ అంటారు.

"లోపల పిస్టన్ బిగుసుకోని పోయిందప్పా. తొక్కితే పడతా ఉండాది, కాలు తీస్తే వదల్లేదు. పండగ ముందర పది బండ్లు లైన్లో ఉండాయి నాకు. దసరా పోయినాక తీసుకోని రా, సూస్తా."

దసరా పోయాక అంటే కుదరదు. అత్తకు కంటి ఆపరేషన్ బాగా జరిగితే విజయదశమి నాడు కాణిపాకం వస్తానని మొక్కుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక మిగిలింది మా కారే.

"బస్సులో పోతాంలే" అంది నా భార్య.

"ఎందుకు? నేను చేస్తాను" అన్నాను.

"నీకొస్తాదా?"

ఆ ఒక్క మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా నాయన చిత్తూరు బస్సు డిపోలో మెకానిక్కు. ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకుని పని చేశాడు. ఆయన పోయాక అన్నదమ్ములం పంచుకునేటప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది ఆయన స్పానర్ల పెట్టె ఒక్కటే. చిన్నప్పుడు ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఏది అడిగితే అది అందించేవాణ్ణి. అందివ్వడం వస్తే బిగించడం వచ్చినట్టే అనుకున్నాను.

కొత్త కాలిపర్లు రెండు పక్కలా వేసేద్దామనే నా ఆశ. అంగట్లో అడిగితే, ఆ మోడలు ఎప్పుడో ఆగిపోయింది, మద్రాసు నుంచి రావాలి, పది రోజులు పడుతుంది అన్నాడు. లోపల వేసే రబ్బరు సీళ్లు మాత్రం దొరికాయి. రెండు పక్కలకూ సరిపడా తెచ్చాను.

మహర్నవమి నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. జాకీ ఎత్తి, జాకీ మీద నమ్మకం లేక కింద కొయ్య దిమ్మె పెట్టి, దాని మీదా నమ్మకం లేక ఊడదీసిన చక్రాన్ని కూడా కారు కిందికి తోశాను. పిస్టన్ బయటికి రావడానికే గంటన్నర పట్టింది. తుప్పు పట్టి, నల్లగా, మొండిగా ఉంది. గరుకు కాగితం పెట్టి రుద్ది, కడిగి, కొత్త సీలు వేసి, రెండు బొటనవేళ్లతో నొక్కితే మెత్తగా లోపలికి జారింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నాయన చూసి ఉంటే బాగుండుననిపించింది.

నాయనకు ఒక పద్ధతి ఉండేది. "ముందు బోల్టులన్నీ చేత్తోనే ఎక్కియ్యాల. అన్నీ సక్కగా కూర్చున్నాయని చూసుకోని, ఆఖర్న ఒకే పట్టున స్పానర్ ఎయ్యాల. ఒకటి ఇప్పుడు, ఒకటి రేపు అంటే, ఏది బిగించినావో నీకే తెలీదు" అనేవాడు. నేనూ అట్లే కాలిపర్ను స్థానంలో పెట్టి, దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులనూ వేళ్లతో తిప్పి నిలిపాను. తర్వాత బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయాలి. నా భార్యను పిలిచాను. ఆమె సీట్లో కూర్చుంది, నేను కింద పడుకున్నాను.

"తొక్కు" అంటే తొక్కింది. "పట్టుకో" అంటే పట్టుకుంది. "వదులు" అంటే వదిలింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నా మాట అంత వరసగా విన్నది ఆ పావుగంటే.

"రెండు పక్కలా అయిందా?" అని అడిగింది దిగుతూ.

కుడివైపుది నేను విప్పనే లేదు. పైపైన బ్రష్షుతో దుమ్ము దులిపానంతే. ఎడమదానికే పొద్దు సగం గడిచిపోయింది. "ఆఁ, అయింది" అన్నాను. అంత చిన్న అబద్ధం నోట్లోంచి రావడానికి శ్రమే పడలేదు.

ఇంతలో లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది, రాహుకాలం ముంచుకొస్తోందని. నేను గాలి తీసే పనిలో ఉండగానే ఆమె నాయన పెట్టెను మోసుకుపోయి, స్పానర్లన్నీ కుంకుడు నురుగుతో కడిగి, తుడిచి, పీట మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టేసింది. గాలి తీయడానికి వాడిన చిన్న స్పానర్ ఒక్కటే నా చేతిలో మిగిలింది. కాలిపర్ బోల్టులకు పట్టేది పద్నాలుగో నంబరు రింగు స్పానర్. అది నాయన ఫోటో ముందు, నిమ్మకాయ పక్కన, పూజలో ఉంది.

"అత్తా, ఆ ఒక్కటి ఇస్తే రెండు నిమిషాల పని" అన్నాను.

"కుంకమ పెట్టేసినాను నాయనా. ఇంగ రేపు కొబ్బరికాయ కొట్టి పూజ ఎత్తేదాకా ముట్టగూడదు. మీ నాయన ఉండింటే నువ్వు అడుగుతావా ఈ మాట?"

ఆయుధ పూజ నాడు మా నాయన సూది కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఏడాదంతా మన చేతుల్లో నలిగే ఇనుముకు ఆ ఒక్కరోజు సెలవు అనేవాడు. డిపోలో పెద్దాఫీసరు వచ్చి అడిగినా స్పానర్ ఎత్తలేదని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

సరే, కారు రేపటిదాకా కదలదు కదా అనుకున్నాను. పొద్దున్నే పూజ ఎత్తి, రెండు బోల్టులూ బిగించి, అప్పుడు బయలుదేరదాం. చక్రం ఎక్కించి నట్లు గట్టిగా బిగించాను. చక్రాల స్పానర్ డిక్కీలో ఉండిపోయింది, అది పనిముట్టని అత్తకు తెలియదు. కారుకు బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బయటికి చూస్తే పెళ్లికూతురిలా ఉంది.

ఆ బోల్టుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మరిచిపోలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా నోటిదాకా వచ్చింది. చెబితే నా భార్య ఒక చూపు చూస్తుంది. "నీ చేతి పని నీకే నమ్మకం లేదా?" అంటుంది. లేదంటే నవ్వుతుంది. రోజూ నాన్నా పులి అని అరిచేవాడికి నిజంగా పులి వచ్చిన రోజున సిగ్గేస్తుందని ఆ కథ చెప్పినవాళ్లు ఎవరూ నాకు చెప్పలేదు.

తెల్లవారి లేచి పూలకూ అరిటాకులకూ మార్కెట్టుకు పోయాను. పండగ రద్దీలో కొంచెం ఆలస్యమైంది. స్కూటర్ మీద మా సందులోకి తిరిగేసరికి ఇంటి ముందు కారు లేదు. నేల మీద నాలుగు నిమ్మకాయలు చితికి ఉన్నాయి.

బల్ల మీద చీటీ పెట్టి ఉంది. "అమ్మ పంచాంగం చూసింది. ఏడు దాటితే వర్జ్యమంట. క్యూ కూడా పెరిగిపోతాది. నువ్వొస్తే మ్యాటు చిరుగుతాది. ఇడ్లీ పెట్టినా. స్పానర్ల పూజ నువ్వు ఎత్తు. ఫోను ఆపి సంచిలో పెట్టినా, నీ చట్టం ప్రకారం."

అయినా ఫోను చేశాను. స్విచ్చాఫ్. మళ్లీ చేశాను. ఐదారుసార్లు చేశాను. గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. వాళ్లు పోయి కనీసం అరగంట అయి ఉంటుంది.

పీట ముందుకు పోయి నిలబడ్డాను. దీపం ఇంకా వెలుగుతోంది. కొబ్బరికాయ కొట్టలేదు, హారతి ఇవ్వలేదు, పూజ ఎత్తలేదు. పద్నాలుగో నంబరు స్పానర్ మీద కుంకుమ బొట్టు ఎండి ఉంది. నాయన ఫోటోలోంచి చూస్తున్నాడు. "తప్పైపోయింది నాయనా" అని పైకే అని, స్పానర్ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆయన మాట జవదాటింది నా జన్మలో అదే మొదటిసారి. ఇల్లు తాళం వేశానో లేదో నాకు గుర్తులేదు. వెనక్కొచ్చి గుంజి చూడలేదు.

స్కూటర్ మీద వాళ్ల వెనకే బయలుదేరి, చంద్రగిరి దాటేదాకా ఒకటే ఆలోచన. పిల్లలకు నేనే చెబుతాను, అదిరే వస్తువులో బిగించని మర మెల్లమెల్లగా విప్పుకుంటుందని. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ బోల్టు వెంట్రుకవాసి తిరుగుతుంది. ఒకటి ఊడితే కాలిపర్ వేలాడి చక్రానికి తగులుతుంది. రెండూ ఊడితే దానికున్న గొట్టం తెగుతుంది, ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది, ఆ తర్వాత బ్రేకు తొక్కితే కాలు నేలను తాకుతుంది. ఈ పాఠంలో ఒక్క అక్షరం కూడా మరిచిపోలేకపోయాను.

రోడ్డు నిండా పండగే. లారీలకు అరటి పిలకలు, బస్సులకు బంతిపూలు, ఆటోలకు మామిడాకులు. ముందు ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా స్కూటర్ ఆపేవాణ్ణి. ఒకచోట గుంపును తోసుకుని పోయి చూస్తే బూడిద గుమ్మడికాయ పగలగొడుతున్నారు. రోడ్డు మీద ఎర్రగా కుంకుమ నీళ్లు. తిరిగొచ్చి స్కూటర్ హ్యాండిల్ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఏడ్చాను.

పాకాలకు పోయే దారి చీలే చోటికి కొంచెం ముందు, ఒక మెకానిక్ రేకుల షెడ్డు పక్కన మా కారు కనిపించింది. ముందు ఎడమ చక్రం ఊడదీసి ఉంది. బానెట్టు మీద బంతిపూలు అలాగే ఉన్నాయి. అత్త ప్లాస్టిక్ కుర్చీలో కొబ్బరికాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా భార్య పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి నిలబడి ఉంది. మణికట్ల దాకా చేతులు నల్లగా ఉన్నాయి.

"నువ్వెట్లొచ్చినావు?" అంది నన్ను చూసి. తర్వాత మామూలుగా చెప్పింది. "వస్తా ఉంటే చక్రంలో టకటకమని శబ్దం. బ్రేకు తొక్కితే ఎక్కువైతా ఉండాది. గేర్లు తగ్గించుకుంటా వచ్చి ఈడ ఆపినా. డిక్కీలో స్పానర్ ఉంటే చక్రం ఇప్పి చూస్తే, ఒక బోల్టు లేనే లేదు. ఇంకోటి సగం బయటికొచ్చేసింది. ఈయన కూడా ఏం చేస్తాడు, పనిముట్లన్నీ పూజలో ఉండాయి. వాళ్లన్న వచ్చి పూజ ఎత్తాలంట."

షెడ్డు లోపల పలక మీద స్పానర్లు కుంకుమ బొట్లతో వరసగా ఉన్నాయి. మెకానిక్ అరవై దాటిన మనిషి. తలంటుకుని, కొత్త లుంగీ కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను జేబులోంచి స్పానర్ తీశాను. నా భార్య దాని మీది కుంకుమను చూసింది. ఊడిన చక్రం వైపు చూసింది. మళ్లీ నా మొహంలోకి చూసింది.

"నీకు తెలుసా?"

తలూపాను.

"నిన్నే తెలుసా?"

"నిన్నే. చేత్తో తిప్పి పెట్టినాను. అంతలోనే స్పానర్లు పూజలోకి పోయినాయి."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "గ్యాసు గురించి నాలుగుసార్లు అడుగుతావు. తాళం గురించి రెండుసార్లు. దీన్ని ఒక్కసారి చెప్పలేకపోయినావా? మా అమ్మ ఉండాది బండ్లో."

"నవ్వుతావనుకున్నాను."

ఆమె చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం పోయింది.

మెకానిక్ ఒక పాత డబ్బాలో చెయ్యి పెట్టి గలగలా కెలికి ఒక బోల్టు తీశాడు. "బోల్టు పనిముట్టు గాదు కదప్పా, దీన్ని ముట్టచ్చు" అన్నాడు తనకు తానే తీర్పు చెప్పుకున్నట్టు. నేను స్పానర్ ఆయనకివ్వబోయాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"పూజ ఎత్తినారా?"

"లేదన్నా. అట్లే తెచ్చేసినాను."

ఆయన దాన్ని కళ్లకద్దుకుని నాకే తిరిగిచ్చాడు. "దీన్ని పూజలోంచి తీసింది నువ్వు. నువ్వే తిప్పల్ల. నేను పక్కన నిలబడి సూస్తా."

మోకాళ్ల మీద కూర్చుని రెండు బోల్టులూ బిగించాను. "ఇంగొంచెం" అన్నాడాయన. ఇంకొంచెం తిప్పాను. "సాలు" అన్నాడు. నేను లేవగానే నా భార్య వచ్చి, "ఇటియ్యి" అని స్పానర్ అందుకుంది. చీర మడిచి కూర్చుని రెండు బోల్టులనూ తనే ఒక్కోసారి గుంజి చూసింది. మా ఇంట్లో అన్నీ రెండోసారి చూసే మనిషిని నేనే. నేను చూసినదాన్ని ఆమె మళ్లీ చూడటం అదే మొదలు.

స్కూటర్ అక్కడే వదిలి కారెక్కాను. కాణిపాకం దాకా ఆమే తోలింది. నా కుడికాలు కదలనే లేదు. దానికి ఆ హక్కు పోయింది.

గుడి దగ్గర క్యూ చాంతాడంత ఉంది. ఆ వినాయకుడి ముందు అబద్ధం చెబితే నిలవదని మా జిల్లాలో అందరి నమ్మకం. గట్టు తగాదాలూ దొంగతనం నిందలూ అక్కడికొచ్చి ప్రమాణంతో తేల్చుకుంటారు. మా వంతు ఇంకా చాలా దూరముంది. అత్త ముందు నిలబడి పూలు సర్దుకుంటోంది. నా భార్య గొంతు తగ్గించి అడిగింది.

"ఈడ చెప్పు. ఇంకేమన్నా చెప్పనిది ఉండాదా?"

లేదు అనడం చాలా తేలిక. మొక్కు తీరబోతోంది, కారు బాగైంది, పండగ. నేను ఆమె చేతుల వైపు చూశాను. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు.

"కుడివైపుది నేను విప్పలేదు" అన్నాను. "రెండూ అయిందని అబద్ధం చెప్పినాను."

క్యూ రెండడుగులు కదిలింది, మేమూ కదిలాం. దర్శనమయ్యాక బయటికొచ్చి, సంచిలోంచి కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టింది.

"అమ్మను నేను బస్సులో తీసుకోని పోతా. నువ్వు ఆ షెడ్డు దాకా తోలు. రెండో గేరులోనే పో, నిదానంగా పో. ఇప్పుడు పూజ ఎత్తేసింటారు."

అంత దూరం రెండో గేరులో పోయాను. వెనక నుంచి హారన్లు కొట్టిన వాళ్లను లెక్కపెట్టలేదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కుడివైపు చెవి పెట్టి విన్నాను. షెడ్డు చేరేసరికి చొక్కా వెనక అంతా తడిసిపోయింది.

మెకానిక్ నన్ను చూసి, "మళ్లా ఏమప్పా?" అన్నాడు.

"కుడివైపుది కూడా విప్పాలన్నా. ఇది కూడా నేనే సగంలో వదిలేసిన పనే."

ఆయన అన్న వచ్చి పూజ ఎత్తి పోయాడట. స్పానర్ల మీది బొట్లు తుడవకుండానే పనిలోకి దిగాడు. కాలిపర్ విప్పి, లోపలికి వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. కుడివైపు సీలు చీలిపోయి ఉంది. లోపల తుప్పు మొదలైంది. ఇంకో నెల ఆగి ఉంటే ఇదీ ఎడమదాని దారే పట్టేదన్నాడు.

పక్కకొచ్చి ఫోను చేశాను. ఎవరో తోలే బస్సులో కూర్చుంది కాబట్టి ఆమె ఎత్తింది. వెనక కండక్టర్ కేకలు వినిపిస్తున్నాయి. చీలిన సీలు సంగతీ, తుప్పు సంగతీ, ఇంట్లో మిగిలిన సీళ్లు తెచ్చి వేస్తే తప్ప కారు ఇక్కడి నుంచి కదలదన్న సంగతీ అన్నీ చెప్పాను. ఇల్లు తాళం వేశానో లేదో తెలియదని కూడా చెప్పాను.



"సరే" అంది. "చెప్పినావు కదా."